సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఫ్యూజన్: ఏ ఇంజిన్ తీసుకోవాలి, ఏది వదిలేయాలి

అమెరికాలో చదువుకో, ఉద్యోగానికో వచ్చి మొదటి కారు వెతుక్కునేవాళ్ళకు ఒక సంగతి త్వరగానే అర్థమవుతుంది. టయోటా కామ్రీ, హోండా అకార్డ్ ఎంత పాతబడినా ధర దిగవు. అదే డబ్బు పెడితే ఫోర్డ్ ఫ్యూజన్‌లో ఇంకాస్త కొత్త బండి, ఇంకాస్త తక్కువ మైళ్ళు తిరిగినది దొరుకుతుంది. చూడ్డానికి బాగుంటుంది, లోపల స్థలం ఉంటుంది, హైవే మీద నిలకడగా పోతుంది. దాంతో చాలామంది రంగు, సీట్లు, స్క్రీన్, ఓడోమీటర్ చూసుకుని సంతకం పెట్టేస్తారు.

ఆ నాలుగింటికన్నా ముందు చూడాల్సింది బానెట్ కింద ఏముందన్నది. ఒకే ఏడాది, ఒకే రంగు, ఒకే ట్రిమ్ (ఎస్, ఎస్ఈ లాంటి వేరియంట్) ఉన్న రెండు ఫ్యూజన్‌లు పక్కపక్కనే ఆగి ఉంటాయి. వాటిలో ఒకటి రెండు లక్షల మైళ్ళు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండోది లక్ష మైళ్ళు చేరకముందే ఇంజిన్ బ్లాక్ మార్చమని అడగొచ్చు. బయట నుంచి తేడా తెలియదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ తేడాయే.

ముందుగా ఒక చిన్న స్పష్టత. మన దేశంలో 2004 నుంచి కొన్నేళ్ళపాటు ఫోర్డ్ ఇండియా అమ్మిన ఫ్యూజన్ వేరే బండి. అది చెన్నై దగ్గర తయారైన, ఎత్తుగా ఉండే చిన్న కారు, యూరప్ ఫియెస్టా కుటుంబానికి చెందినది. ఇక్కడ మాట్లాడుతున్నది 2006 మోడల్ నుంచి 2020 మోడల్ దాకా ఉత్తర అమెరికాలో అమ్మిన మధ్య తరహా సెడాన్ గురించి. పేరు తప్ప రెండింటికీ పోలిక లేదు.

ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు ఆగిపోయింది

1986లో వచ్చిన ఫోర్డ్ టారస్ 1992 నుంచి 1996 వరకు అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన కారు. ఆ తర్వాత ఫోర్డ్ దాన్ని పట్టించుకోవడం తగ్గించింది, కామ్రీ ముందుకు వెళ్ళిపోయింది. 2000 తర్వాతి టారస్‌లు ఎక్కువగా అద్దె కార్ల కంపెనీలకే పోయేవి. ఆ ఖాళీని నింపడానికి వచ్చినదే ఫ్యూజన్. 2005లో మెక్సికోలోని సోనోరా రాష్ట్రం హెర్మోసియో ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది. అప్పట్లో ఫోర్డ్‌కు మాజ్దాలో పెద్ద వాటా ఉండేది. అందుకే అప్పటి మాజ్దా 6 నిర్మాణం మీదే ఫ్యూజన్‌ను కట్టారు. మెర్క్యురీ మిలాన్, లింకన్ జెఫిర్ (తర్వాత దీన్నే ఎమ్‌కేజెడ్ అన్నారు) దీని అన్నదమ్ములు. మాజ్దా సంబంధం ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఫ్యూజన్‌లో నమ్మదగిన ఇంజిన్‌కు మూలం అక్కడే.

2010 మోడల్‌కు ముఖం మార్చారు, ఇంజిన్లు మార్చారు, హైబ్రిడ్ తెచ్చారు. ఆ ఏడాది ఫ్యూజన్ కుటుంబానికి మోటర్ ట్రెండ్ పత్రిక కార్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది. ఫ్యూజన్ హైబ్రిడ్‌కు నార్త్ అమెరికన్ కార్ ఆఫ్ ది ఇయర్ కూడా దక్కింది. అమెరికన్ కంపెనీలు దివాలా అంచున ఉన్న రోజులవి. జనరల్ మోటర్స్, క్రైస్లర్ రెండూ 2009లో కోర్టు మెట్లెక్కాయి, ఫోర్డ్ ఎక్కలేదు. ఫోర్డ్ ఆ గండం గట్టెక్కడంలో ఫ్యూజన్ లాంటి మంచి బళ్ళ పాత్ర చిన్నది కాదు.

2012 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో రెండో తరం చూపించారు. 2013 మోడల్‌గా వచ్చిన ఆ బండి ముందు భాగం చూసి అందరూ ఆస్టన్ మార్టిన్ గుర్తుకొస్తోందన్నారు. నిజంగానే అందమైన బండి, ఇప్పటికీ పాతగా కనిపించదు. యూరప్‌లో ఇదే కారు మాండియోగా అమ్ముడైంది. గిరాకీ తట్టుకోలేక మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీలో కూడా కొన్నేళ్ళు తయారు చేశారు. 2014లో ఒక్క అమెరికాలోనే 3 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ఆ తర్వాత జనం ఎస్‌యూవీల వైపు తిరిగారు. 2018 ఏప్రిల్‌లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో సెడాన్లకు కొత్త తరాలు తేబోమని ప్రకటించింది. 2020 జులై 31న చివరి ఫ్యూజన్ బయటికొచ్చింది. అదే ఫ్యాక్టరీలో ఇప్పుడు బ్రాంకో స్పోర్ట్, మావరిక్ తయారవుతున్నాయి.

మోడల్ ఆగిపోయింది కాబట్టి విడిభాగాలు దొరకవేమోనని కొందరు టెన్షన్ పడతారు. అక్కర్లేదు. ఇన్ని లక్షల బళ్ళు రోడ్ల మీద ఉన్నాయి, మామూలు సర్వీసు సామాను ఏ ఊరి ఆటో పార్ట్స్ దుకాణంలోనైనా ఉంటుంది. మోడల్ ఆగిపోవడం వల్ల కొనేవాళ్ళకు కలిగిన లాభం ఏమిటంటే ధర దిగడం.

రెండో తరంలో ఇంజిన్లు: అసలు నిర్ణయం ఇక్కడే

2013 నుంచి 2020 వరకు ఫ్యూజన్‌లో చాలా ఇంజిన్లు వచ్చాయి. టర్బో లేని 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒకటి, 175 హార్స్‌పవర్. ఎకోబూస్ట్ పేరుతో టర్బోలు మూడు: 1.6 (2013, 2014ల్లో), దాని స్థానంలో 2014 మోడల్ నుంచి వచ్చిన 1.5, ఇంకా 2.0. ఇవి కాక హైబ్రిడ్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అయిన ఎనర్జీ ఉన్నాయి. 2017 నుంచి 2019 వరకు 2.7 లీటర్ల ట్విన్ టర్బో వీ6తో స్పోర్ట్ అనేది కూడా అమ్మారు.

వీటిలో మార్కెట్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేవి 2.5, 1.5. అమ్మేవాళ్ళు 1.5 గురించి ఇలా చెప్తారు: చిన్న ఇంజిన్, టర్బో, 181 హార్స్‌పవర్, మైలేజ్ ఎక్కువ. అన్నీ నిజమే. కానీ ఒక లెక్క వేసి చూడండి. 2018 మోడల్‌కు ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇచ్చిన సగటు మైలేజ్ 2.5కు గ్యాలన్‌కు 25 మైళ్ళు, 1.5కు 27. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 2.5 తాగేది 480 గ్యాలన్లు, 1.5 తాగేది 444. ఏడాదంతా కలిపి మిగిలేది 36 గ్యాలన్లు. ఎన్నేళ్ళు ఆ మిగులు కూడబెట్టినా, కింద చెప్పబోయే ఒక్క రిపేరుకు చాలదు.

1.5 ఎకోబూస్ట్‌తో ఉన్న గొడవ ఇది. ఇంజిన్ బ్లాక్ పై ముఖం మీద, పక్కపక్క సిలిండర్ల మధ్య సన్నని గాడి కోశారు. సిలిండర్ల మధ్య వేడి ఎక్కువ చేరుతుంది కాబట్టి అక్కడ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పారాలని ఆ ఏర్పాటు. పైన హెడ్ గ్యాస్కెట్ (బ్లాక్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) కూర్చుంటుంది. గాడి పోగా గ్యాస్కెట్‌కు ఆనుకోవడానికి మిగిలిన లోహం మరీ ఇరుకు. వేడెక్కడం, చల్లారడం వేలసార్లు జరిగాక ఆ ఇరుకు చోట పట్టు సడలుతుంది. కూలెంట్ కొద్దికొద్దిగా సిలిండర్‌లోకి జారుతుంది.

కింద నేల మీద చుక్క కూడా కనబడదు, ఎందుకంటే కూలెంట్ బయటికి కారడం లేదు, లోపల కాలిపోతోంది. మొదట ట్యాంకులో మట్టం తగ్గుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ కాసేపు వణుకుతుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, తియ్యటి వాసన వస్తాయి. తర్వాత చెక్ ఇంజిన్ లైటు, మిస్‌ఫైర్ కోడ్లు. గ్యాస్కెట్ ఒక్కటి మారిస్తే తీరదు, లోపం బ్లాక్ ముఖంలోనే ఉంది కనుక. ఫోర్డ్ తన డీలర్లకు పంపిన సాంకేతిక బులెటిన్‌లో చెప్పిన పరిష్కారం కూడా బ్లాక్ మార్చడమే. వారంటీలో ఉన్నవాళ్ళకు ఉచితంగా అయిపోయింది. పవర్‌ట్రెయిన్ వారంటీ 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు మాత్రమే. ఇవాళ మార్కెట్లో ఉన్న బళ్ళకు ఆ రక్షణ లేనట్టే అనుకోవాలి. సొంత డబ్బుతో చేయించుకుంటే వేల డాలర్ల మాట. బండి విలువలో సగం దానికే పోవచ్చు.

ప్రతి 1.5కూ ఇలా అవుతుందని కాదు. ఏ ఇబ్బందీ లేకుండా నడుపుతున్నవాళ్ళూ చాలామంది ఉన్నారు. కానీ చదువు అప్పు తీరుస్తూ, ఉన్న నాలుగు డబ్బులూ పెట్టి మొదటి కారు కొనేవాళ్ళు ఆ జూదం ఆడకూడదని నా గట్టి అభిప్రాయం.

2.0 ఎకోబూస్ట్ సంగతి సంవత్సరం బట్టి మారుతుంది. 2013–16 బళ్ళలో ఉన్నది పాత డిజైను, ఆ గాడి లేనిది. 2017లో వచ్చిన కొత్త 2.0కు అలాంటి గాడే వచ్చింది, దానితోపాటు అదే జబ్బూ వచ్చింది. కాబట్టి 2.0 కావాలనుకుంటే ఇక్కడ కొత్తదానికన్నా పాతదే మేలు. 240 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది, మంచు పడే రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకు అది పనికొచ్చే విషయం.

1.6 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంజిన్ అతిగా వేడెక్కి మంటలు చెలరేగే ప్రమాదం ఉందని 2012 చివర్లో ఒకసారి రీకాల్ చేశారు, అంటే ఉచితంగా బాగుచేయడానికి బళ్ళను వెనక్కి పిలిచారు. సిలిండర్ హెడ్ పగుళ్ళ విషయంలో 2017లో మరోసారి చేశారు. ఇంకా మంచివి ఇన్ని దొరుకుతుంటే దీని జోలికి వెళ్ళడానికి కారణం కనబడదు.

ఇక 2.5. దీనిలో గొప్పలేమీ లేవు, అదే దీని బలం. మాజ్దా నుంచి వచ్చిన డిజైను, టర్బో లేదు, టైమింగ్ బెల్ట్ బదులు గొలుసు ఉంటుంది. 1.5, 1.6ల్లో ఉన్నది బెల్ట్, మైళ్ళు పెరిగాక దాన్ని మార్పించే ఖర్చు కూడా ఉంది. 2.5 పికప్ మామూలుగా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త అరుస్తుంది. హైవేలోకి ర్యాంప్ మీద నుంచి చేరేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఆఫీసు, కాలేజీ, కిరాణా, వారాంతం ప్రయాణాలకు ఇది సరిపోతుంది. ఏ చిన్న మెకానిక్‌కైనా ఈ ఇంజిన్ తెలుసు.

దీని విషయంలో మర్చిపోకూడనిది గేర్ కేబుల్ బుషింగ్. 2013–16 బళ్ళలో గేర్ లివర్ నుంచి ట్రాన్స్‌మిషన్‌కు వెళ్ళే కేబుల్ చివర ఉండే బుషింగ్ అనే చిన్న తొడుగు అరిగి ఊడిపోతుంది. లివర్ పార్క్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది, బండి మాత్రం పార్క్‌లో ఉండదు, వాలు మీద జారిపోతుంది. 2018లో రీకాల్ చేశారు, 2022లో మళ్ళీ ఇంకా పెద్దగా చేశారు. మీరు చూస్తున్న బండికి ఆ పని జరిగిందో లేదో కనుక్కోండి. జరగకపోతే డీలర్ దగ్గర ఉచితంగా చేస్తారు. అంతవరకు హ్యాండ్ బ్రేక్ వేయడం అలవాటు చేసుకోండి.

ఏ ఇంజిన్ ఉందో ఎలా తెలుసుకోవాలి

ట్రిమ్ పేరు నమ్ముకోవద్దు. ఎస్ఈ అని రాసి ఉన్న బండిలో 2.5 ఉండొచ్చు, 1.5 ఉండొచ్చు, 1.6, 2.0 కూడా ఉండొచ్చు. ప్రకటనలో నాలుగు సిలిండర్లు అని రాసి వదిలేస్తారు. అమ్మేవాళ్ళకే తెలియని సందర్భాలు ఎక్కువ.

విన్ నంబర్ (ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) అడగండి. 17 అంకెలు, అక్షరాలు ఉండే ఆ నంబర్‌లో ఎడమ నుంచి ఎనిమిదో స్థానం ఇంజిన్ చెప్తుంది. రెండో తరం ఫ్యూజన్‌లో అక్కడ 7 ఉంటే 2.5. ఇంగ్లిష్ అక్షరం డి ఉంటే 1.5. ఆర్ ఉంటే 1.6. అంకె 9 ఉంటే 2.0. యూ ఉంటే హైబ్రిడ్ లేదా ఎనర్జీ. ఇంట్లో కూర్చుని ప్రకటనలు చూస్తూనే సగం బళ్ళు పక్కన పెట్టేయొచ్చు. అంత దూరం ఊబర్ ఖర్చు పెట్టుకుని వెళ్ళి, బండి నచ్చేసి, ఆ తర్వాత ఇంజిన్ చూస్తే మనసు ఒప్పుకోదు. అందుకే ఫోన్‌లోనే అడగండి. విన్ ఇవ్వడానికి వెనకాడేవాళ్ళ దగ్గరకు వెళ్ళకపోవడమే మంచిది.

నంబర్ చేతిలో ఉంటే ఇంకో పని కూడా అయిపోతుంది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో అది కొడితే పెండింగ్‌లో ఉన్న రీకాల్స్ అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. 2013–18 ఫ్యూజన్, ఎమ్‌కేజెడ్‌లు కలిపి సుమారు 13 లక్షల బళ్ళకు ముందు బ్రేక్ గొట్టాలు చిట్లిపోయే ప్రమాదం ఉందని 2023 మార్చిలో రీకాల్ వచ్చింది. బ్రేక్ విషయం కాబట్టి ఇది పెండింగ్‌లో ఉంటే కొన్న వారంలోనే డీలర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఎన్ని చేతులు మారిన బండికైనా రీకాల్ పనికి డబ్బు తీసుకోరు.

హైబ్రిడ్: ఎక్కువ తిరిగేవాళ్ళకు నా మొదటి సలహా ఇదే

రోజూ నలభై యాభై మైళ్ళు తిరగాల్సినవాళ్ళు, ఊళ్ళో ట్రాఫిక్ లైట్ల మధ్య నడిపేవాళ్ళు 2.5 కన్నా ముందు హైబ్రిడ్ చూడాలి. ఇందులోనూ టర్బో లేదు. 2.0 లీటర్ల సాదా ఇంజిన్, దానికి తోడు మోటారు, 1.4 కిలోవాట్ అవర్ల లిథియం అయాన్ బ్యాటరీ. విడిగా స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ ఉండవు, ఏసీ కంప్రెసర్ కరెంటుతోనే నడుస్తుంది. అంటే మామూలు కారులో ముందుగా పాడయ్యే కొన్ని సామాన్లు ఇందులో అసలు లేనే లేవు. బ్రేకులు కూడా చాలాకాలం వస్తాయి, బండి వేగం తగ్గించే పనిలో సగం మోటారే చేసి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది కాబట్టి.

మైలేజ్ విషయంలో ఒక పాత కథ ఉంది. 2013లో ఈ హైబ్రిడ్‌ను ఊళ్ళో 47, హైవేలో 47 అని గట్టిగా ప్రచారం చేశారు. రోడ్డు మీద అంత రాలేదు. జనం అడిగారు, పరీక్షలు మళ్ళీ జరిగాయి. 2014 జూన్‌లో ఫోర్డ్ ఆ అంకెను 42కు తగ్గించి, కొన్నవాళ్ళకు పరిహారం ఇచ్చింది. 42 అంటే మన లెక్కలో లీటరుకు దాదాపు 18 కిలోమీటర్లు. పెద్ద సెడాన్‌కు అది చాలా మంచి అంకె. ఇందాకటి 12,000 మైళ్ళకు హైబ్రిడ్ తాగేది 286 గ్యాలన్లే, 2.5తో పోలిస్తే 194 గ్యాలన్లు తక్కువ. ఈ తేడా జేబుకు తెలుస్తుంది.

బ్యాటరీ పోతే ఎలా అన్నది అందరి భయం. ఫోర్డ్ హైబ్రిడ్ భాగాలకు 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ఇచ్చింది. కాలిఫోర్నియా ఉద్గార నియమాలు పాటించే రాష్ట్రాల్లో అది 10 ఏళ్ళు లేదా లక్షన్నర మైళ్ళ దాకా ఉంటుంది. చివరి ఏళ్ళ బండి తీసుకుంటే కొంత కాలం మిగిలి ఉండే అవకాశం ఉంది, బండి మొదటిసారి అమ్ముడైన తేదీ, రాష్ట్రం చూసుకోండి. నిజానికి ఈ బళ్ళలో బ్యాటరీకన్నా ఎక్కువ చెవి పెట్టాల్సింది ట్రాన్సాక్సిల్ (హైబ్రిడ్‌లో గేర్‌బాక్స్ పని చేసే భాగం) మీద. తొలి ఏళ్ళ రెండో తరం హైబ్రిడ్లలో కొన్నింటికి లోపలి బేరింగ్ అరిగి, వేగంతోపాటు పెరిగే గుయ్‌మనే శబ్దం వస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో పాటలు ఆపేసి, కిటికీలు ఎత్తేసి, 40 మైళ్ళ వేగం దాటించి వినండి. శబ్దం ఉంటే బేరం ఆడకుండా వెనక్కి వచ్చేయండి.

హైబ్రిడ్‌తో వచ్చే ఇబ్బంది డిక్కీ. మామూలు ఫ్యూజన్‌లో డిక్కీ 16 ఘనపుటడుగులు, హైబ్రిడ్‌లో బ్యాటరీ కూర్చోవడం వల్ల 12. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగినప్పుడు తలా రెండు పెద్ద సూట్‌కేసులు, పచ్చళ్ళ డబ్బాలతో చేతి సంచులు ఉంటాయి. మామూలు ఫ్యూజన్‌లో కాస్త సర్దితే పడతాయి. హైబ్రిడ్‌లో ఒకటో రెండో వెనక సీటెక్కుతాయి. ఎనర్జీలో అయితే డిక్కీ 8.2 ఘనపుటడుగులే. అందులోనూ బ్యాటరీ మధ్యలో ఎత్తుగా పొడుచుకుని వస్తుంది, పెద్ద పెట్టె పడుకోదు.

ఎనర్జీ కొనాలా వద్దా అనేది మీ ఇంటి మీద ఆధారపడి ఉంటుంది. 7.6 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో ఒక్క ఛార్జ్‌కు సుమారు 20 మైళ్ళు పెట్రోలు లేకుండా వెళ్తుంది, 2019 నుంచి బ్యాటరీ 9 కిలోవాట్ అవర్లకు పెరిగి ఇంకొన్ని మైళ్ళు కలిశాయి. గోడకున్న మామూలు సాకెట్‌తో రాత్రంతా పెడితే నిండిపోతుంది. సొంత గరాజ్ ఉండి, ఆఫీసు పది మైళ్ళలోపు ఉన్నవాళ్ళకు ఇది చాలా బాగుంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ప్లగ్ దొరకనివాళ్ళు బరువు, డిక్కీ నష్టం రెండూ మోసుకుని తిరగడం దండగ, మామూలు హైబ్రిడ్ తీసుకోండి.

ఏ సంవత్సరం

ఇంజిన్ తేలాక సంవత్సరం తేల్చడం సులువు. 2013–15 బళ్ళలో తెర మీది మైఫోర్డ్ టచ్ వ్యవస్థ నెమ్మదిగా స్పందిస్తుంది, అప్పట్లోనే దాని మీద చాలా విమర్శలొచ్చాయి. 2017 మోడల్‌కు మార్పులు చేశారు, అందులో సింక్ 3 అనే కొత్త తెర వ్యవస్థ ఉంది. ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో అందులో పనిచేస్తాయి. గేర్ లివర్ తీసేసి గుండ్రంగా తిప్పే డయల్ పెట్టారు. డయల్ కొందరికి నచ్చదు, అలవాటయ్యాక చేతికి అదే వస్తుంది, పైగా ఇందాక చెప్పిన బుషింగ్ గొడవ ఉండదు.

నా ఎంపిక 2017 లేదా 2018 ఎస్ఈ, 2.5 ఇంజిన్‌తో, సింక్ 3 తెర ఉన్నది. ఆ రెండేళ్ళలో ఎస్ఈకి 2.5 మామూలుగా వచ్చేది, 1.5 అదనపు ఆప్షన్. అందుకే ఇవి వెతికితే దొరుకుతాయి. 2019లో ఫోర్డ్ అన్ని ఫ్యూజన్‌లకూ కో-పైలట్ 360 పెట్టింది. ముందు బండికి దగ్గరైతే తనంతట తనే బ్రేక్ వేయడం, పక్క లేన్‌లో కనబడని బండి గురించి హెచ్చరించడం, లేన్ తప్పకుండా చూడటం అందులో ఉన్నాయి. కొత్తగా కుడివైపు డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళకు ఇవి నిజంగా అక్కరకొస్తాయి. కానీ 2019, 2020ల్లో 2.5 ఎక్కువగా బేస్ ఎస్ ట్రిమ్‌లోనే ఉంటుంది, అందులో పెద్ద తెర ఉండదు. భద్రత, తెర రెండూ కావాలంటే 2019 లేదా 2020 హైబ్రిడ్ చూడండి, డబ్బు ఉంటే అన్నిటికన్నా మంచి ఫ్యూజన్ అదే.

మొదటి తరం విషయానికొస్తే, 2010–12లో 2.5 ఇంజిన్ ఉన్నవి తక్కువ బడ్జెట్‌కు ఇప్పటికీ పనికొస్తాయి. ఆ తరం హైబ్రిడ్‌లో మీటర్ల పక్కన తెర మీద ఆకులు మొలుస్తాయి. పొదుపుగా నడిపితే కొమ్మ గుబురుగా పెరుగుతుంది, తొక్కితే ఆకులు రాలిపోతాయి. పిల్లలు వెనక సీట్లో కూర్చుని ఆకులు లెక్కపెట్టేంత ముచ్చటైన ఆలోచన. అయితే 2006–12 బళ్ళు తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో ఉన్నాయి. ఆ ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. మార్చినట్టు రుజువు లేని బండిని నడిపి ఇంటికి తెచ్చుకోవద్దు. ఇక స్పోర్ట్ ట్రిమ్‌లో ఉన్న 3.5 వీ6కు వాటర్ పంప్ ఇంజిన్ లోపలే టైమింగ్ గొలుసుతో తిరుగుతుంది, అది కారితే నూనెలో కలుస్తుంది. ఈ వయసులో దానికి దూరంగా ఉండటం మేలు.

2017–19 స్పోర్ట్ వేరే తరహా కోరిక. 325 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్, పెట్రోలు బాగా తాగుతుంది. డ్రైవింగ్ అంటే ఇష్టం ఉండి, ఖర్చుకు సిద్ధపడినవాళ్ళు ఆనందంగా కొనుక్కోవచ్చు. మొదటి కారుగా మాత్రం వద్దు, ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలి కదా.

ఇదే ధరలో ఎదురయ్యే మిగతా అమెరికన్ సెడాన్లు

షెవ్రొలే మాలిబు 2024 నవంబర్ దాకా తయారైంది, కాబట్టి కొత్త బళ్ళు ఎక్కువ దొరుకుతాయి. ఎక్కువ బళ్ళలో 1.5 టర్బో, 160 హార్స్‌పవర్. 2019 నుంచి దానికి సీవీటీ (విడివిడి గేర్లు లేని) గేర్‌బాక్స్. సీటు మెత్తగా ఉంటుంది, మలుపుల్లో ఫ్యూజన్ ఉన్నంత గట్టిగా ఉండదు. వారంటీ మిగిలి ఉన్న మాలిబుకూ, వారంటీ లేని 1.5 ఫ్యూజన్‌కూ మధ్య అయితే మాలిబు తీసుకోమంటాను. 2.5 ఫ్యూజన్ లేదా హైబ్రిడ్ ఎదురుగా ఉంటే ఫ్యూజనే.

క్రైస్లర్ 200 తయారీ 2016 డిసెంబర్‌లో ఆగిపోయింది. ధర ఆశ పెడుతుంది, కానీ తొమ్మిది గేర్ల ట్రాన్స్‌మిషన్ మొదటినుంచీ ఇబ్బంది పెట్టింది, వెనక సీట్లో తల పైకప్పుకు తగులుతుంది. వదిలేయండి.

బండి దగ్గర నిలబడినప్పుడు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరొచ్చేసరికి వేడి చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. బానెట్ తీసి కూలెంట్ ట్యాంకులో మట్టం గుర్తుల మధ్య ఉందో లేదో చూడండి. తర్వాత స్టార్ట్ చేసి సైలెన్సర్ దగ్గర ఒకరు నిలబడాలి. కాసేపు ఆగాక కూడా తెల్ల పొగ, వణుకు ఉంటే వద్దు.

నడిపేటప్పుడు రెండు నుంచి మూడో గేరుకు మారే చోట కుదుపు వస్తుందా గమనించండి. ఈ ఆరు గేర్ల ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్చకుండా నడిపితే అక్కడే ముందుగా తెలుస్తుంది. పాత రసీదుల్లో ఆ ఫ్లూయిడ్ మార్చినట్టు ఉంటే ఆ యజమాని బండిని బాగా చూసుకున్నట్టే లెక్క. లేకపోతే కొన్నాక మీరు మార్పించండి.

టైటిల్ (బండి యాజమాన్య పత్రం) శుభ్రంగా ఉండాలి. శాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (అలా దెబ్బతిన్నాక బాగుచేసినది) అని ఉన్నవి ఎంత చవకగా వచ్చినా ఇన్సూరెన్స్ దగ్గర, తిరిగి అమ్మేటప్పుడు రెండుసార్లు దెబ్బ తీస్తాయి. హ్యూస్టన్ ప్రాంతంలో కొనేవాళ్ళు వరదనీళ్ళలో మునిగిన బండా అని కార్పెట్ కింద, సీటు బోల్టుల దగ్గర తుప్పు చూడండి. 2017లో హార్వే తుఫాను అక్కడ లెక్కలేనన్ని కార్లను ముంచింది, వాటిలో కొన్ని మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి. మిషిగన్, ఒహాయో వైపు అయితే రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల కింది భాగం తుప్పు పడుతుంది, లిఫ్ట్ మీద ఎత్తించి చూడాలి. అమ్మేవాళ్ళకు సంబంధం లేని మెకానిక్ దగ్గర తనిఖీ చేయించడానికి వందా రెండొందల డాలర్లు అడిగినా ఇవ్వండి. తనిఖీకి ఒప్పుకోని బండి కొనకండి.

ఇప్పటికే 1.5 ఉన్న ఫ్యూజన్ మీ దగ్గర ఉంటే అమ్మేయమని చెప్పను. నెలకు రెండుసార్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి, గుర్తు దగ్గర ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. మట్టం తగ్గడం మొదలైతే పైపైన నింపుకుంటూ కాలం గడపొద్దు. వెంటనే కూలింగ్ వ్యవస్థకు ప్రెషర్ టెస్ట్ చేయించి, సిలిండర్లలోకి బోరోస్కోప్ అనే సన్నని కెమెరాతో చూడమని అడగండి. ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తే ఇంటికి ఇంకా రెండు మైళ్ళే కదా అని నడపకండి. పక్కన ఆపి, ఇంజిన్ కట్టేసి, టోయింగ్ పిలవండి. వేడెక్కిన ఇంజిన్‌తో నడిపిన ఆ రెండు మైళ్ళలోనే హెడ్ కూడా వంకర పోతుంది, అప్పుడు రిపేరు బిల్లు రెట్టింపవుతుంది.